కోత ఆగదు, కార్డు చెల్లదు! సోమవారం అమలాపురం కదలండి!

కోటిపల్లి, దంగేరు, మసకపల్లి, పామర్రు, గంగవరం పెన్షనర్లారా! మాజీ సైనికులారా! ఫ్యామిలీ పెన్షన్ మీద ఇల్లు నెట్టుకొస్తున్న అక్కచెల్లెళ్లారా!

పెన్షన్ పడిందని సెల్లు మోగగానే హమ్మయ్య అనుకుంటాం. స్లిప్పు ఎప్పుడైనా చూశారా? ఈహెచ్ఎస్ పేరు మీద కోసేసింది చూశారా? ఒకరికి 225, ఇంకొకరికి 300. 2013 డిసెంబరులో ఈ హెల్త్ స్కీము మొదలైనప్పుడు ఎంత? 90, 120! రెండున్నర రెట్లు పెంచారు. మనం కిక్కురుమన్నామా? లేదు. "పోనీలే, రేపు మంచాన పడితే పిల్లల ముందు చెయ్యి చాపక్కర్లేదు" అనుకుని ఊరుకున్నాం.

ఇప్పుడు ఎవరి ముందు చాపుతున్నాం? అందరి ముందూ!

అర్ధరాత్రి ఇంట్లో మనిషికి గుండెల్లో నొప్పి వస్తుంది. కారు మాట్లాడుకుని కాకినాడ పరుగెడతాం. కౌంటర్లో కార్డు పెడతాం. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిస్తారు. "ఈహెచ్ఎస్ తీసుకోవట్లేదండి. క్యాష్ అయితే చేర్చుకుంటాం." ఆ మాట విన్నప్పుడు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? పక్కన మనిషి చెమటలు కక్కుతుంటే బేరమాడతామా? మళ్లీ కారెక్కించి ఇంకో ఆసుపత్రి వెతుకుతామా? మెళ్లో గొలుసు తీసిస్తాం. దాళ్వా ధాన్యం డబ్బులు, మనవరాలి ఫీజుకని దాచిన డబ్బులు... అన్నీ ఆ కౌంటర్లోనే పోస్తాం!

ఆసుపత్రులు ఎందుకు వద్దంటున్నాయి? వాళ్లకి సర్కారు బకాయి పడింది కనక. 2025 అక్టోబరు 10 నుంచి కొన్నాళ్లు రాష్ట్రంలో స్పెషాలిటీ ఆసుపత్రులు ఎన్టీఆర్ వైద్యసేవను ఆపేశాయి. 2,700 కోట్లు రావాలన్నారు. మన ఈహెచ్ఎస్ నడిపేదీ ఆ వైద్యసేవ ట్రస్టే! ఆసుపత్రులకీ సర్కారుకీ లెక్క తేలకపోతే మధ్యలో ప్రాణం ఎవరిది? మనం ఒక్క నెలైనా బాకీ పెట్టామా? పెన్షన్ చేతికి రాకముందే కోసుకున్నారే! ముందే డబ్బు కట్టినవాణ్ని గుమ్మంలో నిలబెట్టడం ఏం న్యాయం?

సరే, అప్పు చేసి కట్టాం. రీయింబర్స్‌మెంటు ఉంది కదా అంటారు. ఉంది! డిశ్చార్జి సమ్మరీ కావాలి. ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు కావాలి. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు కావాలి. ఇదివరకు ఈ డబ్బు తీసుకోలేదని నాన్ డ్రాయల్ సర్టిఫికెట్టు కావాలి. ప్రతి బిల్లు మీదా డాక్టరు సంతకం, సీలు. ఇదంతా ఆరు నెలల్లోగా పెట్టాలి. మనకి ఆరు నెలల గడువు. మరి వాళ్లకి? ఫైలు మీద కూర్చున్నవాళ్లకి గడువేదీ? స్క్రూటినీలో ఉందంటారు. బడ్జెట్ లేదంటారు. బిల్లులు చెల్లించే సీఎఫ్ఎంఎస్‌లో ఉందంటారు. లక్షన్నర కట్టినా సరే, వాళ్ల ప్యాకేజీ ఎంతయితే అంతే ఇస్తారు. మిగతాది మన నెత్తిన!

నేను బళ్లో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. మా ఆవిడ ఆపరేషన్ బిల్లు పట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో లెక్క పెట్టడం మానేశాను. ఒకరోజు అక్కడి బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. భర్త ఆసుపత్రి బిల్లు కోసం వచ్చింది. ఆయన పోయి అప్పటికే ఏడాది దాటిందట. "సంతకం పెట్టమంటున్నారు మాస్టారూ, ఎక్కడ పెట్టాలో చూపించండి" అని ఆ కాగితం నా చేతికిచ్చింది. ఈ కరపత్రం రాయాలని ఆ రోజే అనుకున్నాను.

సుబేదారు గారూ, హవల్దారు గారూ! ఇది మాస్టార్ల గొడవ, గుమాస్తాల గొడవ అనుకోకండి. మీ ఈసీహెచ్ఎస్ సంగతి మాకు తెలియదా? మాజీ సైనికుల వైద్యానికి 2003లో పెట్టిన పథకం. 2017 డిసెంబరు ఉత్తర్వుతో సిపాయి నుంచి హవల్దారు దాకా 30,000, నాయబ్ సుబేదారు నుంచి సుబేదారు మేజరు దాకా 67,000 రిటైరయ్యే నాడే కట్టించుకుంటున్నారు. మంచు కొండల మీద కాపలా కాసినవాడు ఇంటికొచ్చాక బీపీ మాత్రల కోసం మండలం దాటి పాలీక్లినిక్ వరుసలో నిలబడాలి! మాత్ర లేదంటే బయట కొనుక్కుని మళ్లీ బిల్లు పెట్టుకోవాలి. కార్డు రంగు వేరు గానీ మన కష్టం ఒక్కటే!

ప్రైవేటు పాలసీ తీసుకోమని పిల్లలు అంటున్నారు. పెద్దవాళ్ల ప్రీమియం ఏడాదికి పది శాతం దాటించాలంటే ముందు తమను అడగాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో కంపెనీలకు చెప్పింది. మంచిదే. కానీ ఏటా పది శాతమైనా ఎనిమిదేళ్లకి రెట్టింపు దాటిపోదా? మన పెన్షన్ అలా పెరుగుతోందా? బ్యాంకుల్లో చేసి రిటైరైన మన అన్నయ్యల గ్రూపు పాలసీ చూడండి. ప్రీమియానికి సొంత జేబులోంచీ కట్టాలి. 2025 సెప్టెంబరు 22న విడి పాలసీలకు జీఎస్టీ ఎత్తేశారు. గ్రూపు పాలసీలకు ఎత్తలేదు!

కలెక్టరేట్‌కి వెళ్లి అడిగితే వస్తుందా అంటారా? 2022 జనవరి గుర్తు తెచ్చుకోండి. డెబ్బై దాటితే 10 శాతం, డెబ్బై అయిదు దాటితే 15 శాతం వచ్చే అదనపు పెన్షన్ ఒక్క జీవోతో ఎగరగొట్టారు. జబ్బులు ముసిరే వయసులోనే కోత! ఫిబ్రవరి 3న చలో విజయవాడ అంటే జనం ఎలా కదిలారో చూశాం. దెబ్బకి 7 శాతం, 12 శాతం వెనక్కి ఇచ్చారు. పూర్తిగా ఇవ్వలేదు, నిజమే. కానీ ఇంట్లో కూర్చునుంటే ఆ ఏడూ పన్నెండూ వచ్చేవా?

అందుకే ఇప్పుడు గట్టిగా అడుగుదాం. ఆసుపత్రుల బాకీ తీర్చండి, మా కార్డు చెల్లేలా చూడండి! అది చెల్లే దాకా చందా ఒక్క రూపాయి పెంచినా ఒప్పుకోం! రీయింబర్స్‌మెంటు బిల్లుకి మాకు గడువున్నట్టే మీకూ గడువుండాలి! భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్ల బిల్లులు ముందు తేల్చండి! సైనికుల మందుల గోడు కలెక్టరు గారే ఢిల్లీకి రాయాలి!

వచ్చే సోమవారం అమలాపురం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. ఒక్కొక్కరం వెళ్తే రసీదు చేతిలో పెట్టి పంపేస్తారు. మండలమంతా కలిసి వెళ్దాం! పొద్దున్న ఏడింటికి కోటిపల్లి రేవు దగ్గర కలుద్దాం. పంటు మీద ముక్తేశ్వరం చేరి, అక్కడ బస్సెక్కుదాం.

కార్డు జిరాక్సు, పెన్షన్ స్లిప్పు, రాని బిల్లుల కాగితాలు తెచ్చుకోండి. నడవలేనివాళ్లు మీ కాగితాలు పక్కింటివాళ్లతో పంపండి, మీ తరఫున మేం ఇస్తాం. మాజీ సైనికులు మెడల్సు పెట్టుకుని రండి. పొద్దుటి మాత్రలు వేసుకుని, మధ్యాహ్నం మాత్రలు సంచీలో పెట్టుకోండి. తిరిగొచ్చేసరికి సాయంత్రం అవుతుంది.

— కె.గంగవరం మండలంలోని రిటైర్డ్ ఉద్యోగులు, మాజీ సైనికులు