నమ్మకస్తులకో లైను

ముందు లారీ, వెనక లారీ... చూపు ఆనినంత దూరం లారీలే. ఇంజిన్లు ఆపేసి, డ్రైవర్లు కిందికి దిగి రోడ్డు పక్కన కూర్చున్నారు. 2001 సెప్టెంబరు 12, 13 తేదీల్లో కెనడాలోని విండ్సర్ ఊళ్లో కనిపించిన దృశ్యం ఇది. నది దాటితే అవతల అమెరికాలోని డెట్రాయిట్. మధ్యలో అంబాసిడర్ వంతెన. అంతకు రెండ్రోజుల ముందు వరకూ పది నిమిషాల్లో అయిపోయే తనిఖీకి పది, పన్నెండు గంటలు పట్టింది. న్యూయార్క్ జంట టవర్లు కూలిపోయాక ప్రతి లారీనీ అనుమానంగానే చూడాల్సి వచ్చింది మరి!

అన్నట్టు, కెనడా అమెరికాకి ఉత్తరాన ఉంటుందని కదా పిల్లలు బళ్లో చదువుకునేది. డెట్రాయిట్‌లో నిలబడితే మాత్రం విండ్సర్ కనిపించేది దక్షిణం వైపు. నది అలా వంపు తిరిగిందక్కడ. 1929లో కట్టిన ఆ వంతెనకి ఉన్నవి నాలుగే వరసలు. రెండు దేశాల మధ్య జరిగే వ్యాపారంలో దాదాపు పావు వంతు సరుకు దానిమీదుగానే వెళ్తుంటుంది.

లారీ ఆగితే ఇబ్బంది డ్రైవరుకే కదా అనిపించొచ్చు. కానీ వాటిలో ఉన్నవి కార్ల విడిభాగాలు. డెట్రాయిట్ ఫ్యాక్టరీలు వాటిని నెలల తరబడి గోదాముల్లో నిల్వ పెట్టుకోవు. మనింటికి పాలప్యాకెట్టు వచ్చినట్టు, ఈ పూట బిగించాల్సిన సీటు ఈ పూటే రావాలి. పైగా ఒకే భాగం ఇటు పోతపోసి, అటు సానబట్టి, మళ్లీ ఇటొచ్చి... కారులోకి చేరేలోపు సరిహద్దుని నాలుగైదుసార్లు దాటడం కూడా అక్కడ మామూలే. అందుకే లారీలు ఆగిన రెండు మూడు రోజులకే ఫోర్డ్ సహా కొన్ని కంపెనీల ప్లాంట్లు మూతపడ్డాయి.

అన్నీ విప్పి చూద్దామంటే ఫ్యాక్టరీలు ఆగిపోతాయి. చూడకుండా పంపిద్దామంటే భయం. అప్పుడు అమెరికా కస్టమ్స్ కమిషనర్‌గా ఉన్న రాబర్ట్ బానర్ ముందున్న చిక్కు అదే. దానికి దొరికిన దారి- రోజూ వచ్చే తెలిసినవాళ్లెవరో ముందే తేల్చుకుని వాళ్లని పక్కన పెడితే, మిగతావాళ్లని తీరిగ్గా చూడొచ్చు. అలా 2001 నవంబరులో ఏడు పెద్ద కంపెనీలతో 'సీ-టీపాట్' మొదలైంది. మరుసటి ఏడాది డిసెంబరులో దానికి తోడుగా సరిహద్దుల్లో 'ఫాస్ట్' లైన్లు తెరిచారు.

తిరుమలలో ప్రత్యేక దర్శనం క్యూ లాంటిదన్నమాట అనుకుంటే పొరపాటే. అక్కడ టికెట్ కొనుక్కుంటే చాలు. ఇక్కడ డబ్బుతో పని జరగదు!

తాళం కప్ప నుంచి డ్రైవరు దాకా

ఫాస్ట్ లైన్లోకి రావాలంటే ముందు కంపెనీ తన ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఫ్యాక్టరీకి కంచె, గేటు దగ్గర ఎవరొచ్చారో ఎవరెళ్లారో లెక్క, సరుకెక్కించే చోట పరాయివాళ్లు తిరగకుండా కట్టడి, పనిలో చేర్చుకునేవారి పూర్వాపరాలు... అన్నిటికీ కాగితం మీద సాక్ష్యం ఉండాలి. సరుకు నింపేముందు ఖాళీ కంటెయినర్‌ని ఏడుచోట్ల పరీక్షించాలి. ముందు గోడ, కుడి, ఎడమ, నేల, పైకప్పు, తలుపులు, అడుగుభాగం. దొంగ అర ఏదైనా కట్టారేమో చూడ్డానికన్నమాట. తర్వాత వేసే సీలు మామూలు ప్లాస్టిక్‌ది కాదు, కట్టర్ పెడితే తప్ప ఊడని ఉక్కు బోల్టు. దాని నంబరు కాగితాల్లో ఒకటుండి, తలుపు మీద మరొకటుంటే ఇక ఆ లారీ సంగతి అంతే!

డ్రైవరుకి వేరే కార్డు. వేలిముద్రలిచ్చి, పాత కేసులేమైనా ఉన్నాయేమో విచారణ జరిపించుకుని, అధికారుల ఎదుట ఇంటర్వ్యూకి కూర్చుంటేనే ఇస్తారు. అయిదేళ్లు చెల్లుతుంది. సరుకు వివరాలు కంప్యూటర్ ద్వారా ముందే బూత్‌కి చేరాలి. మామూలు లారీలకైతే కనీసం గంట ముందు, ఫాస్ట్ లారీలకైతే అరగంట ముందు. కార్డు చూపించగానే డ్రైవరు ఫొటో, సరుకు వివరాలు అధికారి ఎదుట తెరమీద ప్రత్యక్షమవుతాయి. అనుమానం లేకపోతే, పోనిమ్మంటాడు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. సరుకు తెప్పించుకునే కంపెనీ, రవాణా కంపెనీ, డ్రైవరు- ముగ్గురికీ గుర్తింపు ఉండాలి. ఇద్దరికుండి ఒకరికి లేకపోతే కుదరదు. కార్డున్న డ్రైవరుకి ఆ రోజు జ్వరమొచ్చి, కార్డులేని మరొకరు స్టీరింగ్ పట్టుకుంటే... లారీ మామూలు లైన్లోకే. క్యాబిన్‌లో పక్కన కూర్చున్నవాళ్లకి కార్డు లేకపోయినా అంతే. నలుగురైదుగురి సరుకు కలిపి తెచ్చే లారీలో ఒక్కరిది గుర్తింపులేని కంపెనీ అయినా, ఆ ఒక్కరి డబ్బాల కోసం మిగతా అందరి సరుకూ క్యూలో నిలబడాల్సిందే.

దీంతో నష్టపోయేదెవరు? చిన్నవాళ్లు. చేరడానికి ప్రభుత్వానికి ఫీజేమీ కట్టక్కర్లేదు, నిజమే. కానీ కంచెలు, కెమెరాలు, రికార్డులు రాసే గుమస్తా... ఈ ఖర్చంతా సొంతమే. రోజూ పాతిక లారీలు పంపే కంపెనీకి అదో లెక్క కాదు. వారానికి ఒక్క లోడు పంపే వర్క్‌షాపు యజమానికి గిట్టుబాటవుతుందా? అతని సరుకులోనూ తప్పేమీ లేదు. నిరూపించుకునే స్తోమతే లేదు.

అలాగని నమ్మినవాళ్లంతా నమ్మదగినవాళ్లేనా? అమెరికా పార్లమెంటు తరఫున ఆడిట్ చేసే 'జీఏఓ' 2005లో ఓ నివేదిక ఇచ్చింది. కంపెనీలు కాగితం మీద రాసిచ్చినదాన్ని చూసి, ఆవరణలోకి వెళ్లి తనిఖీ చేయకముందే సడలింపులు ఇచ్చేస్తున్నారని తప్పుపట్టింది. 2006లో చట్టం తెచ్చి, స్వయంగా వెళ్లి చూడటాన్ని తప్పనిసరి చేశారు. మాదకద్రవ్యాల ముఠాలకీ ఈ లైనంటే ఆశే. ఎవరూ విప్పి చూడని లారీకన్నా వాళ్లకి కావాల్సిందేముంది! అందుకే ఫాస్ట్ లైన్లోనూ అప్పుడప్పుడూ ఏదో ఒక లారీని ఆపి, కిందా మీదా వెతుకుతుంటారు.

విశాఖ రొయ్యలకీ...

ఈ పద్ధతి ఆ వంతెన దగ్గరే ఆగిపోలేదు. 2005లో ప్రపంచ కస్టమ్స్ సంస్థ దీన్ని అన్ని దేశాలకీ నమూనాగా చేసింది. మనదేశంలో పేరు 'ఆథరైజ్డ్ ఎకనమిక్ ఆపరేటర్', పొట్టిగా ఏఈవో. 2011లో ప్రయోగాత్మకంగా మొదలై, 2016లో ఎగుమతి, దిగుమతిదారులకి మూడంచెల పథకంగా మారింది. పై అంచెల్లో ఉన్నవారు దిగుమతి సరుకుని ముందు విడిపించుకుని సుంకం తర్వాత కట్టొచ్చు. మన గుర్తింపుని అమెరికా, వాళ్లదాన్ని మనం గౌరవించేలా 2021లో ఒప్పందమూ కుదిరింది.

విశాఖపట్నం రేవు నుంచి అమెరికాకి వెళ్లే రొయ్యల కంటెయినర్‌కి దీంతో అక్కడ తనిఖీల బెడద కొంత తగ్గుతుంది. మైనస్ డిగ్రీల్లో ఉంచాల్సిన సరుకుకి ప్రతి రోజూ కరెంటు ఖర్చే కదా. అయితే ఈ కార్డు కస్టమ్స్ వరకే. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలున్నాయా అని చూసే అక్కడి ఆహార విభాగం దారి వేరు. ఆ పరీక్షలో తప్పితే ఏ గుర్తింపూ అడ్డుపడదు.

అంబాసిడర్ వంతెన మీద లారీలు 2022 ఫిబ్రవరిలో మళ్లీ ఆగాయి. ఈసారి ఆపింది కస్టమ్స్ కాదు. కొవిడ్ టీకా నిబంధనలకు వ్యతిరేకంగా ఆందోళనకారులు 7వ తేదీన కెనడా వైపు రోడ్డుకి అడ్డంగా వాహనాలు నిలిపేశారు. కోర్టు ఉత్తర్వులొచ్చి, 13న పోలీసులు ఖాళీ చేయించేదాకా వంతెన తెరుచుకోలేదు. ఫోర్డ్, జీఎం, టయోటా ప్లాంట్లలో మళ్లీ పని తగ్గింది. ఫాస్ట్ కార్డు జేబులో ఉన్న డ్రైవర్లూ, లేని డ్రైవర్లూ ఒకే వరసలో ఉత్తరాన వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్లూవాటర్ వంతెనకి చుట్టుతిరిగి వెళ్లి, అక్కడ గంటల తరబడి నిలబడ్డారు.