ఉస్మానియా గచ్చు రాలిపోకముందే

అల్ హైల్‌లోని తెలుగువారికి మనవి



సెలవు దొరికితే పిల్లల్ని తీసుకుని బహ్లా కోటకు వెళ్తుంటాం కదా. అది పచ్చి ఇటుకల కోట. వానలకు కరిగిపోతుంటే 1988లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల్లో చేర్చింది. ఒమాన్ ప్రభుత్వం ఏళ్ల తరబడి ఓపికగా బాగు చేయించాక, 2004లో ఆ ముప్పు తప్పింది. మట్టి కోటే నిలబడింది. మరి రాయీ సున్నంతో లేచిన మన ఉస్మానియా ఆసుపత్రి ఎందుకు కూలాలి?

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ పాత ఆసుపత్రిని ఊడ్చుకుపోయింది. ఆ రోజు ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చెట్టు నేటికీ ఆసుపత్రి ఆవరణలోనే ఉంది. అదే ఒడ్డున ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించిన ఈ భవనం 1925లో పూర్తయింది. నక్షా విన్సెంట్ ఎష్‌ది. ఏటి అవతల హైకోర్టు, సిటీ కాలేజీ కూడా ఆయన గీసినవే. గుమ్మటాలు, ఛత్రీలు, కమానుల మీద గచ్చు పని, గాలి ఆడేందుకు ఎత్తైన కప్పులు: పేదవాడి వైద్యానికి రాజభవనమంత ఇల్లు కట్టారు.

2020 జూలైలో వార్డుల్లోకి నీళ్లొచ్చాయి, పాత భవనానికి తాళం పడింది. దాన్ని బాగు చేయడంలో ఒక జాగ్రత్త ఉంది: సున్నపు గోడ తేమను పీల్చి మళ్లీ వదులుతుంది. పైన సిమెంటు మెత్తితే తేమ లోపలే చిక్కుకుని గచ్చు పెళ్లలుగా ఊడుతుంది. ఇక్కడి కోటలకు సారూజ్ గార ఎలాగో, ఉస్మానియాకు డంగు సున్నం అలాగ.

2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అది కావాల్సిందే. నేల మీద పడుకున్న రోగిని చూసినవాళ్లెవరూ కాదనరు. మా భయమల్లా రోగులంతా అక్కడికి వెళ్లిపోయాక పాత భవనం గతి గురించే. మనిషి అడుగు పడని ఇంట్లో రావిమొక్క వేళ్లు దిగడానికి ఎంతో కాలం పట్టదు.

అందుకే తెలంగాణ ముఖ్యమంత్రి కార్యాలయానికి ఎవరికి వారు, సొంత పేరుతో ఉత్తరం రాయండి. ముందు కప్పు కారకుండా ఆపాలి. మరమ్మతు సున్నంతోనే, ఆ పని తెలిసిన మేస్త్రీలతోనే చేయించాలి. ఆ తర్వాత ఒక భాగంలో ఓపీ, మరో భాగంలో వైద్య చరిత్ర ప్రదర్శనశాల నడపాలి. మీ ఇంట్లో ఆ వరండాల పాత ఫొటోలుంటే నకలు జతచేయండి. రాలిన నగిషీని తిరిగి పోయడానికి మేస్త్రీకి అవే ఆధారం.

రాయడం రానివారు శుక్రవారం మధ్యాహ్నం రండి, మీరు చెప్పింది చెప్పినట్టు రాసిపెడతాం.