కొడవలి నూరడమూ పనే

కోతకు వచ్చిన కూలీలు మధ్యలో లేచి కొడవలి నూరుకుంటుంటే మన రైతుల్లో కొందరికి గిట్టదు. పొద్దు పుచ్చుతున్నారని కసురుకుంటారు. ఇది సబబు కాదు. మొండి కొడవలికి దుబ్బు తెగదు, గుంజాల్సి వస్తుంది. గుంజిన ఊపుకు ఎండిన వెన్ను నుంచి గింజ రాలుతుంది. కూలీ మణికట్టు నొప్పి పుడుతుంది. పట్టు జారితే తెగేది వేలు. నూరుకునే పది నిమిషాలు రైతుకు నష్టం కాదు, లాభమే.

కోత యంత్రాలు వచ్చాక ఇంకా కొడవలి ఏమిటని అనవచ్చు. చేను పడిపోయినా, యంత్రం దిగని బురద మడి అయినా, గట్టు మీద గడ్డి కోయాలన్నా కొడవలే దిక్కు. చెరకు కొట్టే కత్తి, ఇంట్లో కత్తిపీట ఉండనే ఉన్నాయి.

అయితే చాలామంది నూరడం మానేసి, కనిపించిన కరెంటు సానకల్లా కత్తి ఇస్తున్నారు. నిప్పురవ్వలు లేస్తే పదును వచ్చిందని సంతోషిస్తున్నారు. కమ్మరి ఉక్కును ఎర్రగా కాల్చి, నీట ముంచి వాదరకు గట్టితనం తెస్తాడు. పొడి సాన మీద అదే పనిగా ఒత్తితే వాదర మాడుతుంది. నీలం రంగు తిరిగిందంటే వేడి సుమారు 300 డిగ్రీలకు చేరిందన్నమాట. అక్కడ ఉక్కు మెత్తబడుతుంది. తర్వాత నీళ్లలో ముంచినా పోయిన గట్టితనం రాదు. రెండు పూటలకే మళ్లీ మొండి. సాన పట్టేవారిని తప్పుపట్టి లాభం లేదు. కొద్ది కొద్దిగా పట్టి, మధ్య మధ్య నీట ముంచమని మనమే అడగాలి.

బజారులో దొరికే కార్బొరండం రాయికి ఒక వైపు గరుకు, మరో వైపు నునుపు ఉంటుంది. దానిని ముందు నీళ్లలో తడపాలి. అంచు విరిగితేనే గరుకు వైపు, రోజువారీకి నునుపు వైపు చాలు. రెండంగుళాల వెడల్పు కత్తి అయితే వెన్ను రాయి మీద నుంచి వేలి మందం ఎత్తులో ఉండాలి. ఆ వాలు మొదటి నుంచి చివరి దాకా మారకూడదు. అవతలి వైపు సన్నని గరుకు లేచే వరకు ఒక పక్క నూరి, తర్వాత రెండో పక్క నూరాలి. గరుకు చూసేటప్పుడు వేలిని వెన్ను నుంచి వాదర వైపుకు, బయటికే జరపాలి. వాదర వెంట నడిపితే వేలు తెగుతుంది. చివరిగా నునుపు వైపు తేలికగా నాలుగు సార్లు రుద్దితే ఆ గరుకు పోతుంది. మంగలి కత్తిని తోలు మీద లాగేది ఇందుకే. కొడవలి వంపుగా ఉంటుంది కనుక చిన్న రాయిని చేతబట్టి వాదర వెంట నడపడం మేలు. ఎప్పుడూ రాయి నడుమనే రుద్దితే గుంట పడుతుంది. గుంట రాయి మీద వాలు నిలవదు.

కక్కు కొడవలిని మాత్రం ఇలా నూరరాదు, పళ్లు అరిగిపోతాయి. దానికి కమ్మరి చేత కక్కు కొట్టించుకోవలసిందే.

కోతకు పిలిచిన రైతు గట్టు మీద ఒక మంచి రాయి, బకెట్టు నీళ్లు పెట్టించాలి. పొద్దున ఒకసారి, అన్నాలయ్యాక ఒకసారి నూరుకోనివ్వాలి. ఆ సమయాన్ని కూలిలో కోయడం న్యాయం కాదు.