మళ్లీ పుట్టడం, తిరిగి లేవడం

మొన్న నారపల్లిలో మా వీధిలోనే ఒక ఇంట తొట్టెల. పిల్లాణ్ణి తొట్టెలో వేయగానే నానమ్మ కళ్లు తుడుచుకుంది. "మా ఆయనే మళ్ల పుట్టిండు వదినా, ఆ చెవులు చూడు" అంది. వియ్యపురాలు క్రైస్తవురాలు. "అన్నయ్య అన్నయ్యే, వీడు వీడే వదినా. దేవుడు కొత్తగ ఇచ్చిన బిడ్డ" అని పిల్లాడి నుదురు ముద్దు పెట్టుకుంది.

ఇద్దరి మాటల్లోనూ ప్రేమే ఉంది. కానీ ఆ రెండు నమ్మకాలు ఒకటి కావు.

పెత్రమాసనాడు పెద్దలకు బియ్యం ఇచ్చేవాళ్లూ, నవంబర్ 2న సమాధుల పండుగకు కొవ్వొత్తులు పట్టుకెళ్లేవాళ్లూ ఒకే కప్పు కింద ఉండే ఇళ్లు మన వైపు ఉన్నాయి. ఆ ఇళ్లలో గొడవ రాకూడదనే మంచి మనసుతో కొందరు "యేసు చెప్పిందీ పునర్జన్మే" అంటారు. నేను ఒప్పుకోను.

వాళ్లు చూపించేట్టు, బాప్తిస్మమిచ్చే యోహానే రావలసిన ఏలీయా ప్రవక్త అని యేసు అన్నది నిజమే. కానీ "నువ్వు ఏలీయావా?" అని అడిగితే యోహాను కాదన్నాడు. పైగా ఏలీయా చనిపోలేదు, సుడిగాలిలో పైకి వెళ్లాడన్నది పాత నిబంధన కథ. చావే లేనివాడికి మరుజన్మ ఎక్కడిది? 553లో కాన్‌స్టాంటినోపుల్ క్రైస్తవ మతపెద్దల సభ బైబిలు నుంచి పునర్జన్మను తీసేసిందన్న మాటా నిలవదు. అంతకు రెండు వందల ఏళ్ల ముందటి సైనాయిటికస్ అనే బైబిలు చేతిరాత ప్రతి నేటికీ ఉంది. అందులోనూ పునర్జన్మ బోధ లేదు.

పునర్జన్మలో జీవుడు మరో దేహంలోకి వెళ్తాడు. పునరుత్థానంలో పోయిన మనిషే తిరిగి లేస్తాడు. మనిషికి చావు ఒక్కసారే, ఆపైన తీర్పు అని హెబ్రీ పత్రిక 9వ అధ్యాయం చెబుతుంది.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలో బాధపడేవాడి ముందు నిలబడితే తెలుస్తుంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి శిష్యులు అడిగారు: పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా? ఇద్దరిదీ కాదన్నాడు యేసు. అని ఊరుకోలేదు, చూపు ఇచ్చాడు.

క్రైస్తవ ఇంట పుట్టిన కవి జాషువా 1941 నాటి 'గబ్బిలం' కావ్యంలో, బాధను పాత పాపానికి అంటగట్టే ఈ గాయాన్నే విప్పి చూపించాడు. ఆకలితో ఉన్న అంటరానివాడి నోరు కర్మ పేరుతో కట్టేశారని, ఆ కర్మ ఏమిటో శివుడి చేతే తేల్పించమని గబ్బిలంతో మొర పంపాడు.

కర్మ సిద్ధాంతం మనిషిని తన పనికి తనే జవాబుదారీ చేస్తుంది. ఆ మేలు కాదనను. అది ఎవరికి వారు చెప్పుకోవలసిన మాట, ఎదుటివాడి పుండు మీద చల్లే కారం కాదు. క్రైస్తవులూ తక్కువ తినలేదు. రోగి మంచం పక్కన "ఏ పాపం దాచావో" అనేవాళ్లు ప్రార్థన కూటాల్లోనూ ఉన్నారు. వాళ్లు కాదంటున్నది సాక్షాత్తూ యేసు మాటనే.

నానమ్మ నమ్మకం నానమ్మకు ఉండనివ్వండి, అమ్మమ్మ నిరీక్షణ అమ్మమ్మకు ఉండనివ్వండి. రెండూ కలిపి మూడోది తయారు చేయకండి. లోపంతో బిడ్డ పుట్టిన ఇంటికి వెళ్తే మాత్రం, మీరు ఏ మతం వారైనా, పోయిన జన్మ మాట, పాపం మాట ఎత్తకండి. ఆ తల్లికి ఏం సాయం కావాలో అడగండి.