గుహలో పెట్టింది గుహలోనే ఉండాలి



చనిపోయినవాళ్ల ఎముకలంటే మనలో చాలామందికి భయం. పసిఫిక్ సముద్రంలోని హవాయి దీవుల ఆదివాసులకు మాత్రం అవే బలం. మనిషి శక్తి ఎముకల్లో నిలిచి ఉంటుందని వాళ్ల నమ్మకం. అందుకే పూర్వం పెద్దల ఎముకలను రాత్రిపూట, ఎవరికీ తెలియకుండా గుహల్లో దాచేవారు.

1905లో డేవిడ్ ఫోర్బ్స్ అనే ఆయన మరో ఇద్దరితో కవైహై దగ్గర అలాంటి గుహలో దూరాడు. లోపలున్న చెక్క బొమ్మలు, గిన్నెలు పట్టుకొచ్చాడు. అవి హొనొలులులోని బిషప్ మ్యూజియం చేరాయి. ఇలాంటివి ఆదివాసులకు తిరిగి ఇవ్వాలని 1990లో అమెరికాలో చట్టం వచ్చింది. 2000లో హుయి మాలమ అనే సంఘం 83 వస్తువులను ఏడాదికని తీసుకుని, మళ్ళీ గుహలోనే పెట్టి మూసేసింది.

దానిమీద వేరే హవాయి సంఘాలు 2005లో కోర్టుకెక్కాయి. మాకూ హక్కుంది, మమ్మల్ని అడగలేదు, అక్కడ పాడైపోతాయి అన్నాయి. వస్తువులు ఎక్కడున్నాయో చెప్పనందుకు సంఘం నాయకుడు ఎడ్వర్డ్ అయావును జైల్లో పెట్టారు. 2006లో వాటిని బయటికి తీశారు.

అందరినీ కూర్చోబెట్టి అడగాల్సిందన్న మాట న్యాయమే. కానీ వస్తువులు ఎక్కడ ఉండాలంటే మాత్రం నేను గుహ వైపే. అవి పోయినవాళ్లకు ఇచ్చినవి. ఇచ్చింది తిరిగి తీసుకోవడానికి మనమెవరం?

పాడైపోతే సంస్కృతి పోతుంది అంటారు. నేను ఒప్పుకోను. సంస్కృతి చెక్కలో కాదు, చేసే చేతుల్లో ఉంటుంది. ఆ సంఘంవాళ్లు పాత మంత్రాలు నేర్చుకున్నారు. ఎముకలను చెట్టు బెరడు బట్టలో చుట్టి, మొగలి జాతి ఆకుల బుట్టల్లో పెట్టడం నేర్చుకున్నారు. 2022లో అయావుతో వెళ్లినవాళ్లు జర్మనీ, ఆస్ట్రియాల నుంచి 58 మంది పెద్దల అవశేషాలు తెచ్చుకున్నారు. అన్నీ అద్దాల పెట్టెల్లోనే ఉంటే చాలనుకుంటే ఈ పనులు ఎవరు నేర్చుకునేవారు?

మన కోయ ఊళ్లల్లో కూడా పోయినవాళ్ల పేర రాళ్లు నిలుపుతారు గదా. ఏ రాయి ఎవరిదో మనలో ఎందరు చెప్పగలరు? రాయిని మ్యూజియంవాళ్లు దాస్తారు. పేరును దాచేది మనమే. ఈసారి సెలవులకు పోయినప్పుడు తాతనో అవ్వనో వెంటబెట్టుకుని అక్కడికి పోండి. ఒక్కో రాయి చూపించి పేరు అడగండి, నోటుబుక్కులో రాసుకోండి. వాళ్లు ఉండగానే అడగాలి.

– పదో తరగతి విద్యార్థి