భయానికి మార్కులా?

దాడి జరిగిన పల్లెకు ముందు పోలీసులొస్తారు. తర్వాత నాయకులు, పత్రికలోళ్లు, బియ్యం మూటలు. కొన్నిచోట్ల ఇప్పుడు ఇంకో కాగితం కూడా వస్తోంది. అందులో 20 ప్రశ్నలు. పీడకలలొస్తున్నాయా? ఆ రోజు కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టుందా? చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారా? గడిచిన నెలరోజుల్లో ఈ బాధ అసలు లేదంటే సున్నా, మరీ ఎక్కువుంటే నాలుగు. మొత్తం 80 మార్కులు.

దీని పేరు పీసీఎల్-5. ఘోరం అనుభవించినవాళ్ల మనసుకు తగిలే జబ్బును డాక్టర్లు పీటీఎస్‌డీ అంటారు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం దీన్ని తన జబ్బుల పుస్తకంలోకి ఎక్కించింది. ఊరికే ఎక్కించలేదు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు గొడవ చేస్తే ఎక్కింది. ఆ మాజీ సైనికుల బాగోగులు చూసే సర్కారు కేంద్రంలోనే 1990ల మొదట్లో ఈ ప్రశ్నలు తయారైనయి. 2013లో మార్చి రాశారు.

ఈ కాగితాన్ని చించి పారేయమని మేము అనం. మన గాయాల సర్టిఫికెట్లో విరిగిన చెయ్యి ఉంటది, పగిలిన తల ఉంటది. రాత్రి కుక్క మొరిగితే పిల్లల్ని పట్టుకుని చేలల్లోకి పరిగెత్తే తల్లి గుండెదడ ఏ సర్టిఫికెట్లో ఉంది? అది కూడా గాయమేనని ఒప్పుకునే కాగితం ఏదైనా మనకు పనికొచ్చేదే.

కానీ అడిగే పద్ధతిలోనే తిరకాసుంది. ఆ రోజును గుర్తుచేసే చోట్లకు పోకుండా తప్పించుకుంటున్నారా అని ఒక ప్రశ్న. చేనికి పోయే దారి వాళ్ల వీధిలోంచే ఉంటే ఏం రాయాలి? చుట్టూరా తిరిగి పోవడం జబ్బా, బతుకుతెరువా? ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టుంటున్నారా అని ఇంకోటి. కొట్టినోడు బెయిలు మీద వచ్చి రచ్చబండ మీద కూచుంటే కాపలా కాయకుండా ఎట్లా ఉంటారు? ఎవర్నీ నమ్మలేమనిపిస్తోందా అని కూడా ఆ కాగితం అడుగుతుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మందిని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఊళ్లోనే కోర్టు పెట్టాలని కొట్లాడితే 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ కుటుంబాలు ఈ ప్రశ్నకు నాలుగు మార్కులేస్తే అది రోగమా, అనుభవమా?

సైనికుడు యుద్ధం వదిలి ఇంటికొచ్చాడు. మనవాళ్లకు ఇల్లే ఆ ఊళ్లో ఉంది.

ఇంకో మాట. ‘స్వయంగా నింపాలి’ అంటారు. అక్షరం రాని ముసలమ్మ ఎట్లా నింపుతుంది? ఎవరో చదువుతారు, ఆమె చెబుతుంది, వాళ్లు గీత పెడతారు. చదివేది మగపిల్లాడు, పక్కన మొగుడు, గుమ్మంలో సగం పల్లె. ఆడకూతురు ఏం చెబుతుంది? ‘ఏం లేదయ్యా, ఒళ్లంతా మంటలు, అన్నం సయించట్లేదు’ అంటుంది. మంటలకు ఆ 20లో గడి లేదు. సున్నా పడుతుంది. మార్కులేయడం మా వృత్తే కాబట్టి చెబుతున్నాం, సున్నా వచ్చినోడికి ఏమీ రాదని కాదు, ప్రశ్న అర్థం కాకపోయి ఉండొచ్చు.

ఆ కాగితం తయారుచేసినోళ్లే ఒక సంగతి చెప్పారు. 31 నుంచి 33 మార్కులు, అంతకు మించి వస్తే జబ్బు ఉండొచ్చని అనుమానం మాత్రమే. తేల్చాల్సింది ఎదురుగా కూచుని మాట్లాడే డాక్టరు. కోర్టులో ఈ ముక్క మరిచిపోతారు. తక్కువొస్తే ‘వీళ్లకేం కాలేదు’ అంటాడు ఎదుటి ప్లీడరు. ఎక్కువొస్తే ‘మతి చెదిరినోళ్ల సాక్ష్యం చెల్లదు’ అంటాడు. రెండువైపులా కోసే కత్తిని మన సాక్షి చేతికిచ్చి పోతామంటే కుదరదు.

అందుకే కార్యకర్తలకు మా మాట: కాగితం పట్టుకొచ్చినోళ్లను మంచం వేసి కూచోబెట్టండి, మంచినీళ్లివ్వండి, ముందు మీరే అడగండి. ఈ పేర్లు ఎవరి బీరువాలోకి పోతాయి? ఒక నకలు మాకిస్తారా? ఆడవాళ్లను తలుపేసి ఆడమనిషే అడుగుతుందా? వద్దన్నవాళ్లను వదిలేస్తారా? ముఖ్యంగా, మార్కులు ఎక్కువొచ్చిన మనిషిని రేపు ఏ ఆస్పత్రికి, ఎవరి ఖర్చుతో తీసుకెళ్తారు? జవాబు లేకపోతే గీతలు పెట్టనివ్వొద్దు. పుండు కెలికి, కట్టు కట్టకుండా పోయే పని అది. కేసు నడుస్తుంటే మన వకీలుకు చెప్పకుండా ఒక్క కాగితం మీద కూడా వేలిముద్ర వెయ్యొద్దు.

వైద్యం అడుక్కునేది కాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం సర్కారు వైద్యాన్ని హక్కుగా రాసింది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేర్చిన 15ఏ సెక్షను బాధితుల, సాక్షుల రక్షణను, పునరావాసాన్ని సర్కారు నెత్తిన పెట్టింది. కలెక్టరుకు ఇచ్చే అర్జీలో ఇళ్లు, భూమి, ఉద్యోగంతోపాటు పల్లెకే వచ్చి చూసే మనోవైద్యుణ్ణి కూడా రాయండి. నిద్రపట్టని రాత్రి మాట్లాడ్డానికి 14416 నంబరుంది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. పల్లె గోడ మీద సున్నంతో రాసి పెట్టండి.