ఓలమ్మా... తర్వాతి మాటేమిటి?

అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం)లోని జంగ్లీఘాట్‌లో చేపల బేరం హిందీలోనే నడుస్తుంది. కిలో ఎంత, ముక్కలు కొట్టాలా, చిల్లర ఉందా... అన్నీ హిందీలోనే. కానీ తూకం వేస్తుండగా చేప చేజారి కింద పడగానే ఆ అమ్మే మనిషి నోట వచ్చిన మాట ‘ఓలమ్మా!’. ఇక ఆమెది ఏ ప్రాంతమని అడగనక్కర్లేదు. శ్రీకాకుళం తీరం దానంతటదే పలికింది.

ఉలిక్కిపడినప్పుడు మనం అమ్మనో అయ్యనో తలుచుకుంటాం. అందులో తప్పేమీ లేదు. ఇంగ్లీషువారికి ఆ వెసులుబాటు లేకపోయింది. వాళ్ల నోటికి ముందుగా వచ్చేది దేవుడు. ఆయన పేరును వ్యర్థంగా ఎత్తరాదన్నది బైబిల్ పది ఆజ్ఞల్లో ఒకటి. నాటకాల్లో దేవుడి పేరును వేళాకోళంగా వాడితే 10 పౌండ్ల జరిమానా అంటూ 1606లో ఇంగ్లండ్ పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది. దాంతో జనం దొంగదారి వెతుక్కున్నారు. ‘గాడ్’ను కాస్త వంచితే ‘గాష్’, ‘గాలీ’ అయ్యాయి. ‘క్రైస్ట్’ కాస్తా ‘క్రైకీ’ అయింది. ‘దేవుడు నా కళ్లు పోగొట్టుగాక’ అన్న ఒట్టు అరిగి అరిగి ‘బ్లైమీ’గా తేలింది. పాపం అంటకుండా ఆశ్చర్యపోయే ఉపాయమన్నమాట.

ఆ భాష మాట్లాడే దొరలు 1858లో ఖైదీలను వెంటబెట్టుకుని అండమాన్‌లో దిగారు. రాస్ దీవిలో చర్చి, క్లబ్బు కట్టుకున్నారు. వారి కబుర్లలో ‘గాష్’లు దొర్లే ఉంటాయి. 1942లో జపాన్ సేనలు వచ్చాయి, దొరల వైభవం ముగిసింది. చర్చి గోడలను చెట్ల వేళ్లు చుట్టేశాయి. చేపల రేవులో ‘క్రైకీ’ అనేవారు మాత్రం ఎవరూ లేరు. పైగా 2016లో మన ‘అయ్యో’యే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువుకెక్కింది.

ఇది చూసి మురిసిపోవచ్చా? తొందరపడకపోవడమే మంచిది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మనదే. సంఖ్య తక్కువేమీ కాదు. కానీ ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కొలువుకు ఇంగ్లీషు అన్న పంపకంలో ఏ భాష వాటా ముందు తరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఇదే దీవుల్లో 2010 జనవరిలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు కన్నుమూయడంతో ‘బో’ భాష అంతరించింది. చివరి రోజుల్లో ఆ భాషలో ఆమెకు బదులు పలికేవారే లేరు. తెలుగుకు అంత ముప్పు లేదు. అయితే ఒక భాష ఓ కుటుంబం నుంచి తప్పుకోవడానికి రెండు తరాలు చాలు.

జంగ్లీఘాట్‌లో జారిన చేపను తీసి తల్లికి అందించింది పక్కనే ఉన్న కూతురు. ‘కుఛ్ నహీ హువా, మమ్మీ’ అంది.

‘ఓలమ్మా’ను ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. దెబ్బ తగిలితే అదే వస్తుంది. నేర్పాల్సింది ఆ తర్వాత వచ్చే వాక్యాన్ని.